మగపెళ్ళివారి కెమెరా

ఆయన పోయాడన్న కబురు పొద్దున్నే మా వీడియోవాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పది నిమిషాల్లో దండాల బొమ్మలు, కన్నీళ్ళ బొమ్మలు వరస కట్టాయి. ఒకరు పెద్ద దిక్కు పోయిందన్నారు. ఇంకొకరు అలాంటి కెమెరామెన్ మళ్ళీ పుట్టడన్నారు. పుట్టకపోతేనే మంచిదని నేననుకున్నాను. ఫోన్ బోర్లా పెట్టి చట్నీలో తాలింపు వేసుకున్నాను.

నాకు ఆయనంటే ఒళ్ళు మంట. ఇది నిన్నా మొన్నా పుట్టిందేం కాదు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక గల్లీలో ఒక మిక్సింగ్ సెంటర్లో నేను జీతానికి కూర్చున్న రోజులనాటిది. మిక్సింగ్ అంటే పెళ్ళిళ్ళలో తీసిన వీడియోని కోసి, అతికించి, పాటలు వేసి డీవీడీ చేసివ్వడం. ఆయన టేపులు మా దగ్గరికే వచ్చేవి. మనిషికంటే ముందు నాకు ఆయన గొంతు పరిచయమైంది. ఏ టేపు పెట్టినా వెనకనుంచి అదే గొంతు. "హలో హలో, గిటు సూడుండ్రి." "ఓ పెద్దమ్మా, తలకాయ అడ్డం తియ్యి." "పంతులుగారూ, జర ఆగుండ్రి, అక్షింతలు మళ్ళొకసారి ఎయ్యుండ్రి." పంతులుగారు పాపం ఆగేవారు, మళ్ళీ వేయించేవారు.

అప్పగింతల్లో పెళ్ళికూతురు తల్లి భుజం మీద పడి వెక్కి వెక్కి ఏడుస్తుంటే, కెమెరా మీది లైటు సూటిగా మొహాన కొట్టి "ఇటు తిరిగి ఏడ్వమ్మా, మొకం కనవడ్తలేదు" అనేవాడు. ఆ పిల్ల తిరిగేది! ఏడుపు ఆపి, ఇటు తిరిగి, మళ్ళీ మొదలుపెట్టేది. నేను కంప్యూటర్ ముందు కూర్చుని పళ్ళు నూరుకునేదాన్ని. ఆ లైటు దెబ్బకి ప్రతి పెళ్ళికూతురి మొహమూ సున్నం కొట్టినట్టు వచ్చేది. దాన్ని మనిషి రంగులోకి తేవడానికి నాకు సగం రోజు పట్టేది.

భోజనాల దగ్గర ఇంకా ఘోరం. వరసలో ప్రతి మనిషీ నోట్లో ముద్ద పెట్టుకునేదాకా కెమెరా కదిలేది కాదు. సిగ్గుపడి ఎవరైనా చెయ్యి అడ్డం పెట్టుకుంటే "తినుండ్రి, తినుండ్రి, మీ ఇంటి పెండ్లే గదా" అంటూ అక్కడే పాతుకుపోయేవాడు. ఒక ముసలాయన పప్పన్నం ముద్ద చేతిలో పట్టుకుని, ఈ లైటు పోతే తిందామని ఎంతసేపు చూశాడో నాకు తెలుసు. చివరికి ముద్ద విస్తట్లో పెట్టేసి లేచిపోయాడు. అదీ రికార్డయింది.

టేపులిచ్చాక వెళ్ళిపోవచ్చు కదా! నా కుర్చీ వెనక నిలబడి సోంపు నములుతూ చూసేవాడు. నేను ఏ ముక్క తీసేసినా "గదెందుకు తీసేస్తున్నవ్? వాళ్ళ మేనమామ ఉన్నడు అండ్ల" అనేవాడు.

"మేనమామ పళ్ళు కుట్టుకుంటున్నాడండీ" అన్నాను ఒకసారి.

"కుట్టుకోనీ. మేనమామే గదా."

పళ్ళు కుట్టుకుంటున్న మేనమామని మళ్ళీ పెట్టేశాను.

ఆయన కెమెరా సంగతి చెప్పాలి. భుజం మీద మోసే పెద్ద కెమెరా. ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసి బొట్టు పెట్టేవాడు. పెళ్ళి భోజనాల్లో ఆయన పక్క కుర్చీ దానిది. హాలు కిటకిటలాడుతున్నా అందులో ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. ఒకసారి నెలలు నిండిన ఆవిడ విస్తరి కోసం చూస్తూ ఆ కుర్చీ మీద చెయ్యి వేసింది. "కెమెరా ఉన్నది, కనవడ్తలేదా?" అన్నాడు. ఆవిడ తర్వాతి బంతిదాకా గోడకి ఆనుకుని నిలబడింది. నేనూ అదే బంతిలో ఉన్నాను, నా కుర్చీ ఇవ్వబోతే ఆవిడే వద్దంది. ఆయన మాత్రం తల ఎత్తకుండా పెరుగన్నం కానిచ్చాడు.

అప్పుడప్పుడే పెళ్ళిళ్ళలోకి డీఎస్ఎల్ఆర్ కెమెరాలు వస్తున్నాయి. ఫొటోలు తీసే కెమెరాతోనే వీడియో అన్నమాట. నాకు మొదటిసారి చూడగానే పిచ్చెక్కిపోయింది. మొహం ఒక్కటే తేటగా నిలబెట్టి వెనక ఉన్న గోలంతా మసకలో కలిపేస్తుంది. లైటు మొహాన కొట్టక్కర్లేదు. దీపం వెలుగులో కూడా మనిషి మనిషిలా ఉంటాడు. ఆయన టేపులతో ఏళ్ళతరబడి కుస్తీ పట్టినదాన్ని కదా, నాకు ప్రాణం లేచొచ్చింది. కోఠీ వెళ్ళి ఒకటి కొనుక్కున్నాను. ఇక కుర్చీలోంచి లేచి నేనే పెళ్ళిళ్ళు తీస్తానన్నాను. మా ఓనరు సరేనన్నాడు. ఆయన మాత్రం ఒప్పుకోలేదు. ఆయన్ని అడిగిందెవరో నాకిప్పటికీ తెలియదు.

నా కెమెరాని అరచేతిలో పెట్టి తూచి చూశాడు. "ఈ డబ్బల ఫోన్ గూడ వస్తదా?" అన్నాడు. సెంటర్లో అందరూ నవ్వారు.

"ఇది ఫొటోల డబ్బ, మేడమ్. అరగంట కాంగనె పండుకుంటది. ఎండల పెడితె కాలుతది. సప్పుడు సక్కగ రాదు. నా దాంట్ల గంటకో టేపు మార్చుకుంట పోతె పొద్దుగూకేదాక నడుస్తది."

ఆ రోజునుంచి నేను ఆయనకు ఫొటో మేడమ్‌ని. నాకో పేరుందని ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఆయన చెప్పింది అబద్ధమైతే ఇంత మంట ఉండేది కాదు. ఆ రోజుల్లో ఆ కెమెరాలు ఏకధాటిగా అరగంటకు మించి వీడియో తీసేవి కావు. అరగంట కాగానే చడీచప్పుడు లేకుండా వాటంతటవే ఆగిపోయేవి. స్క్రీన్ మీద బొమ్మ మామూలుగానే కదులుతుంటుంది, మూలనున్న ఎర్రచుక్క మాత్రం పోతుంది. మళ్ళీ మనమే బటన్ నొక్కాలి. అందుకే మేం రెండేసి నిమిషాల ముక్కలుగా తీస్తాం. ఆయన ఆ నిజాన్ని పట్టుకుని ఎల్‌బీ నగర్ నుంచి నాగోల్ దాకా ప్రతి ఇంటికీ చెప్పాడు. "ఆ పిల్ల ముక్కలు ముక్కలు తీస్తది. ముహూర్తం ముక్క పోతె మళ్ళ పెండ్లి చేస్తరా?" అనేవాడట. కుదిరాయనుకున్న పెళ్ళిళ్ళు రెండు నా చేతిలోంచి అలాగే జారిపోయాయి.

మూడోది జారలేదు. నాగోల్‌లో ఉండే ఒక లెక్కల టీచరుగారు వాళ్ళమ్మాయి పెళ్ళికి నన్నే తీయమంది. గుడివాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. పిల్ల ఏడో తరగతిలో ఉండగా భర్త పోయాడు. ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి, నా పక్కనే కూర్చుంది.

"అమ్మాయ్, కన్యాదానం మా మరిదీ తోడికోడలూ చేస్తారు. ముహూర్తం వేళకి నేను మండపం దగ్గర ఉండను. గదిలో కూర్చుంటాను."

"ఎవరన్నా ఏమన్నా అన్నారా అండీ?"

"ఎవరూ అనలేదు. పిల్లే గొడవ చేస్తోంది రమ్మని. కానీ రేపు దానికి ఏ చిన్న నలత వచ్చినా నేను అక్కడ నిలబడ్డందుకే అనుకుంటాను. నా బుద్ధి అలాంటిది, ఏం చెయ్యను? అందుకని రాను." నా చేతిలోని ఖాళీ గ్లాసు అందుకుంటూ అంది. "జీలకర్రబెల్లం పెట్టాక తెర తీస్తారు చూడు, అప్పుడది తలెత్తి చూస్తుంది కదా. ఆ మొహం నాకు చూపించు. మిగతాదంతా నీ ఇష్టమమ్మా, ఎలా తీసినా సరే. అదొక్కటీ వదలకు."

వదలనండీ అన్నాను. నా మొదటి సొంత పెళ్ళి. వదులుతానా?

పెళ్ళి ఎల్‌బీ నగర్ దాటాక హైవే పక్కన ఫంక్షన్ హాల్లో, పగటి ముహూర్తం. మగపెళ్ళివారు పెద్ద అంబర్‌పేట్ దగ్గరి పాత కాపురస్తులు. మా వైపు పెళ్ళిళ్ళలో ఆడపెళ్ళివారికో కెమెరా, మగపెళ్ళివారికో కెమెరా ఉంటాయి. పెళ్ళికొడుకు వెనక నిలబడి పెళ్ళికూతురి మొహం తీసేది ఆడపెళ్ళివారి కెమెరా, ఆమె వెనక నిలబడి అతని మొహం తీసేది మగపెళ్ళివారిది. వియ్యాలవారికన్నా ముందు ఈ రెండు కెమెరాలు కొట్టుకుంటాయి. నేను వెళ్ళేసరికి మగపెళ్ళివారి కెమెరా భుజానికెత్తుకుని ఆయన నిలబడి ఉన్నాడు! నా ఖర్మ అనుకున్నాను.

కన్యాదానం మొదలయ్యే ముందు పెళ్ళికూతురి బాబాయి దగ్గరికెళ్ళి, నాకు వినబడేలా అన్నాడు. "సార్, మీ మేడమ్ కెమెరా నడుమ నడుమ ఆగుతది. అసలుదే పోతె నన్ను అడగొద్దు మల్ల."

బాబాయి బెదిరిపోయాడు. "అమ్మాయ్, మధ్యలో ఆపకమ్మా. మొత్తం తియ్యి" అని నా దగ్గరికొచ్చి బతిమాలాడు.

"ఆపనండీ" అన్నాను. ఆయన వైపు చూసి మరీ అన్నాను. అన్నట్టే బటన్ నొక్కి వదిలేశాను.

మొదటి తప్పు నాది, దాచుకోను. డీఎస్ఎల్ఆర్‌ని ఆయన కెమెరాలా నడపాలనుకోవడమే పొరపాటు. కన్యాదానం కాగానే ఆపి మళ్ళీ నొక్కుదామనుకున్నాను. మంత్రాలు సాగాయి, జనం మీదపడ్డారు, ఆయన లైటు వచ్చి నా స్క్రీన్ మీద పడుతోంది. లెక్క తప్పింది. తెర తీశారు. ఆ పిల్ల మొహం నా స్క్రీన్ నిండా ఎంత బాగుందో! తీసేశాను, టీచరుగారికి ఇచ్చేస్తాననుకుని లోపల్లోపల పొంగిపోయాను. తాళి కట్టేవేళకి ఇంకో పక్కకి మారదామని, ఆపడానికి బటన్ నొక్కాను.

ఎర్రచుక్క వెలిగింది.

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. ఆపడానికి నొక్కితే మొదలైంది. అంటే అంతసేపూ అది ఆగే ఉంది. తెర తీయడం, ఆ పిల్ల తలెత్తడం నేను చూశాను గానీ కెమెరా దాచుకోలేదు. తాళి ఎలా తీశానో, తలంబ్రాలు ఎలా తీశానో నాకు గుర్తులేదు. తర్వాత చూసుకుంటే అవన్నీ బాగానే వచ్చాయి.

భోజనాల దగ్గర ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన, పక్క కుర్చీలో కెమెరా. "అన్నా, తెర తీసిన దగ్గర నాది పోయింది. మీ టేపులో ఆ ముక్క ఇస్తారా?" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా ఉంది.

ఆయన నవ్వలేదు. గొంతు పెంచాడు. "ఏం మేడమ్, పండుకున్నదా డబ్బ?" రెండు బంతుల వాళ్ళూ తిరిగి చూశారు. బాబాయిని పిలిచి ఆయనే చెప్పాడు. "పరేషాన్ కాకుండ్రి సార్. నా దగ్గర మొత్తం ఉన్నది. ఆడపిల్ల, కొత్తగ నేర్చుకుంటున్నది. ఇచ్చేస్త." బాబాయి ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నంత పని చేశాడు. మూడోరోజు టేపు నా బల్ల మీద పెట్టి, వాపసు కూడా అడగకుండా వెళ్ళిపోయాడు.

అందులో ఏముంటుంది? మగపెళ్ళివారి కెమెరా. తెర తీయగానే పెళ్ళికొడుకు మొహం, పెళ్ళికూతురి జడ, జడ నిండా పూలు. అవే వేసి ఇచ్చాను. ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోలో పిల్ల కళ్ళు మూసుకుని ఉంది. టీచరుగారు నా ఎదురుగానే చూసింది. తెర దగ్గర కొంచెం ముందుకి వంగింది. అయిపోయాక వెనక్కి వాలింది.

"అల్లుడు బాగా నవ్వాడు" అంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మా అమ్మాయి తలెత్తిందా?"

"ఎత్తిందండీ."

"ఎలా చూసింది?"

"జీలకర్ర కళ్ళలో పడుతుందేమోనని ముందు గట్టిగా మూసుకుందండీ. తెర తీశాక ఒక్క కన్ను తెరిచి చూసింది. అప్పుడు నవ్వింది."

"చిన్నప్పుడు తలంటి పోస్తుంటే అలాగే చూసేది" అంది. "ఇంకోసారి చెప్పమ్మా" అంది. చెప్పాను. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే నేను కడుపునిండా ఏడ్చి ఊరుకునేదాన్ని.

తర్వాతి పదేళ్ళలో ఆయనా డీఎస్ఎల్ఆర్ కొన్నాడు. చేతిలో పట్టుకోవడం నామోషీ అనుకున్నాడో ఏమో, ఇనప చట్రం ఒకటి చేయించి, దాన్ని అందులో బిగించి భుజానికెత్తుకున్నాడు. ఎవరూ నవ్వలేదు, పెద్దమనిషి కదా! ఏ పెళ్ళిలో నేను ఎదురైనా పదిమందిలో గట్టిగా ఒకటే ప్రశ్న. "అరగంట అయిందా, మేడమ్?" పదేళ్ళపాటు అడిగాడు. పోయిన ఏడు మా మేనకోడలి పెళ్ళిలో, నేను పట్టుచీర కట్టుకుని చుట్టంగా కూర్చుంటే కూడా అడిగాడు.

పోటీదారు అయిన ఆడపిల్లకి తన టేపు ఊరికే ఇచ్చేశాడని ఆ పెళ్ళి కథ మావాళ్ళలో బాగా పాకింది. నాకు ఆయన మీద ఎంత కసి ఉన్నా ఆ ఒక్క మాట దగ్గర నోరు మూతపడేది. ఇచ్చాడు కదా. ఇవ్వకపోతే నా గతేంటి? అదొక్కటే ఆయన ఖాతాలో నేను ఒప్పుకున్న మంచి.

ఆయన పోయిన మూడో రోజు మా వీడియోవాళ్ళ సంఘం అధ్యక్షుడు ఫోన్ చేశాడు. "ఆదివారం ఎల్‌బీ నగర్ల సంతాప సభ పెట్టినం, చెల్లె. ఆ టేపు సంగతి నువ్వే చెప్పాలె, రెండు నిమిషాలు. అన్న గొంతున్న పాత క్లిప్ ఏమన్నుంటె తీస్కరా."

ఆ టేపు నా సొరుగులోనే ఉంది. ఇళ్ళల్లోని పాత టేపులు పెన్‌డ్రైవ్‌లోకి మార్చి ఇస్తుంటాను కనక ప్లేయర్ కూడా ఉంది. అప్పట్లో నాకు కావలసింది తెర తీసిన ముక్కే కాబట్టి అక్కడికి పరుగెత్తించి అదొక్కటే తీసుకున్నాను. ఈసారి ఆయన గొంతు కోసం మొదటినుంచి పెట్టాను.

కన్యాదానం అయింది. పంతులుగారు మంత్రాలు చదువుతున్నారు. ఆయన తన చోటు వదిలి మండపం చుట్టూ తిరిగి నా వెనక్కి వచ్చాడు. టేపులో నా వీపు, నా జడ, నా చేతుల్లో కెమెరా. బొమ్మ దగ్గరికొచ్చింది. నా స్క్రీన్ మొత్తం కనబడుతోంది. అందులో తెర, పూలదండలు. మూలన ఎర్రచుక్క లేదు. ఆయన కెమెరా అక్కడే, కదలకుండా నిలబడింది. తర్వాత ఆ గొంతు, ఎప్పుడూ లేనంత మెల్లగా, "పండుకున్నది" అంది. చిన్న నవ్వు. బొమ్మ మళ్ళీ దూరమైంది. ఆయన నింపాదిగా నడిచి తన చోటికి వెళ్ళి నిలబడ్డాడు.

ఆ తర్వాత నాలుగు నిమిషాలకి తెర తీశారు. నాలుగు నిమిషాలు! "మేడమ్, ఆగింది" అంటే రెండు మాటలు. పదిమందిలో తిట్టి చెప్పినా సరిపోయేది. టేపు వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను.

ఆదివారం వెళ్ళాను. బ్యాంకు మీది చిన్న హాలు, దండ వేసిన ఫొటో, ముందు వరసలో ఆయన భార్య. నా వంతు వచ్చింది. క్లిప్ తేలేదన్నాను. టేపు ఇచ్చింది నిజమేనన్నాను. ఆ టేపులో ఏముందో కూడా చెప్పాను. నా వెనక్కి రావడం, ఎర్రచుక్క లేకపోవడం చూడటం, "పండుకున్నది" అనడం, అన్నీ.

హాలు హాలంతా నవ్వింది!

"అన్న గట్లనే చేసెటోడు!" అని వెనకనుంచి ఒకాయన అరిచాడు. "నా బ్యాటరీ అయిపోయింది సూసి గూడ చెప్పలే. పాఠం నేర్పుతున్న బిడ్డా అన్నడు." ఇంకా పెద్ద నవ్వు. ఆయన భార్య కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆమెను చూసి ఒక్క క్షణం తగ్గాను. దిగిపోదామనుకున్నాను. దిగలేదు. నవ్వు ఆగేదాకా మైకు పట్టుకుని నిలబడి, మిగిలింది కూడా చెప్పాను. గదిలో కూర్చున్న తల్లి గురించి చెప్పాను. ఆవిడ నన్ను ఏం అడిగిందో, ఆవిడకి నేను ఏం ఇచ్చానో చెప్పాను.

ఆయన భార్య తల దించుకుంది. అధ్యక్షుడు లేచి వచ్చి మైకు కోసం చెయ్యి చాపాడు.

"మనిషే లేకపాయె, చెల్లె. ఇప్పుడెందుకు గవన్ని?"

"ఆ తల్లి ఉందండీ" అన్నాను.